ఫార్సీ మనకేమవుతుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మొగలుల కాలం గురించీ ఫార్సీ సంస్కృతి గురించీ అక్కడక్కడా జరుగుతున్న బహిరంగ ఉపన్యాసాలకు వీలైతే వెళ్ళమని ఈ పేజీలో ఆమధ్య రాశాను. వెళ్ళొచ్చినవాళ్ళ దగ్గర్నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్ని సంతోషంగా ఉన్నాయి, కొన్ని కోపంగా ఉన్నాయి. ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మీ మాట విని ఉపన్యాసానికి వెళ్ళాను. మన్సబ్, జాత్, సవార్, జాగీర్ అంటూ ఆయన చెప్పుకుపోయారు, పక్కవాళ్ళు తలలూపుతున్నారు, నాకు మాత్రం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. నాలాంటివాళ్ళు ముందుగా ఏం తెలుసుకుని వెళ్ళాలి? (విజయవాడ)

జవాబు: అయ్యా, మీరు బ్యాంకు మనిషి కాబట్టి మీకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మన్సబ్ అంటే కొలువులో హోదా. దానికి రెండు అంకెలుంటాయి. జాత్ అనే అంకె ఆ మనిషి స్థాయినీ అతని సొంత జీతాన్నీ చెబుతుంది, సవార్ అనే అంకె అతను ఎంతమంది గుర్రపు రౌతుల్ని పోషించాలో చెబుతుంది. జీతం కొందరికి ఖజానా నుంచి నగదుగా అందేది. ఎక్కువమందికి మాత్రం ఫలానా పరగణాల శిస్తు వసూలు చేసుకోమని రాసిచ్చేవారు, అదే జాగీరు. భూమి అతనిది కాదు, శిస్తు మీద హక్కు మాత్రమే అతనిది, అదీ మూడు నాలుగేళ్ళకల్లా ఇంకో చోటికి మారిపోతుంది, మీ ట్రాన్స్‌ఫర్లలాగే. మనం ఎవరినైనా కసిరేటప్పుడు "నీ తాత జాగీరా?" అంటాం చూడండి, ఆ మాట మొగలుల లెక్కల్లో కుదరదు. రాజపుత్రులకు వంశపారంపర్యంగా ఉండే వతన్ జాగీర్లలాంటివి పక్కన పెడితే తాత జాగీరు మనవడికి వచ్చేది కాదు. ఈ ఒక్కటి తెలిస్తే సగం ఉపన్యాసం దానంతటదే అర్థమవుతుంది. ఎందుకంటే ఆ కాలంలో జరిగిన గొడవల్లో చాలావాటి వెనక ఈ జాగీర్ల బదిలీలే ఉన్నాయి. ఔరంగజేబు చివరి రోజుల్లోనైతే పంచడానికి మంచి జాగీర్లే కరువయ్యాయి.

ఇంకో సంగతి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైంది. వంద రౌతుల్ని పోషిస్తున్నానని జీతం తీసుకుని, ఇరవైమందిని పెట్టుకుని, తనిఖీ రోజున ఎవరి గుర్రాలో అరువు తెచ్చి చూపించేవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు. దాన్ని ఆపడానికే అక్బరు గుర్రాలకు వాత పెట్టించి (దాన్ని దాగ్ అంటారు), రౌతుల ముఖాల వివరాలు రాయించడం మొదలుపెట్టాడు. అలా రాసిన పట్టీని చెహ్రా అంటారు, అంటే ముఖం. మనిషి పేరు, తండ్రి పేరు, ఒంటి రంగు, కనుబొమలు ఎలా ఉన్నాయి, పుట్టుమచ్చ ఎక్కడుంది, కత్తిగాటు ఎక్కడుంది, అతని గుర్రం ఏ రంగు, దాని మీద ఏ వాత, అంతా వరసగా ఉంటుంది. ఫోటో లేని కాలపు గుర్తింపు కార్డు అన్నమాట. దక్కన్‌లో పనిచేసిన మొగల్ సైనికుల చెహ్రా కాగితాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఇప్పటికీ ఉన్నాయి. షాజహాన్, ఔరంగజేబుల కాలపు కాగితాలు అక్కడ లక్షకు పైగా ఉన్నాయి. ఢిల్లీ, ఆగ్రా అంటూ దూరంగా చూస్తాం గానీ మొగలుల రోజువారీ ఆఫీసు పని ఎలా సాగిందో తెలుసుకోవాలంటే రావలసింది మన హైదరాబాదుకే.

ముందుగా చదవాలంటే వంశవృక్షాలు బట్టీ పట్టొద్దు. 1526లో బాబరు, 1556లో అక్బరు, 1605లో జహంగీరు, 1628లో షాజహాను, 1658లో ఔరంగజేబు గద్దెనెక్కారు, 1707లో ఔరంగజేబు పోయాడు. బాబరుకీ అక్బరుకీ మధ్యలో హుమాయూను. ఈ నాలుగు ముక్కలు చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకెళ్ళండి చాలు.

ప్రశ్న: మొగలులు తుర్కులు కదా, బాబరు తన కథ తుర్కీలోనే రాసుకున్నాడని ఉపన్యాసంలో చెప్పారు. మరి రాజ్యమంతా ఫార్సీలో ఎందుకు నడిచింది? ఇరాన్ వాళ్ళ భాష ఇక్కడివాళ్ళ నెత్తిన రుద్దినట్టు కాదా? (ఎం.ఏ. విద్యార్థి, వరంగల్)

జవాబు: బాబరు రాసింది చగతాయి తుర్కీలో, నిజమే. కానీ మనవడి కాలానికి ఆ పుస్తకాన్ని ఫార్సీలోకి అనువదించాల్సి వచ్చింది. అక్బరు సేనాపతి అబ్దుర్ రహీం ఖాన్-ఎ-ఖానాన్ 1589లో ఆ పని పూర్తిచేసి అక్బరుకు సమర్పించాడు. ఇంటి భాష రెండు మూడు తరాల్లో ఎలా పలచబడిపోతుందో ఇవాళ పిల్లల్ని చూస్తున్న మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఫార్సీ మొగలులతో వచ్చింది కాదు. అంతకు ముందే ఢిల్లీ సుల్తానుల దగ్గర మూడు వందల ఏళ్ళుగా రాతకోతల భాష అదే. మధ్య ఆసియా నుంచి దక్కన్ దాకా చదువుకున్నవాళ్ళు ఒకరికొకరు ఉత్తరం రాసుకోవాలంటే ఫార్సీలోనే రాసుకునేవారు. హుమాయూను రాజ్యం పోగొట్టుకుని 1544లో ఇరాన్ వెళ్ళి అక్కడి రాజు షా తహ్మాస్ప్ దగ్గర తలదాచుకున్నాడు. ఆ పరిచయాల వల్లే మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్సమద్ అనే ఇద్దరు గొప్ప చిత్రకారులు అతని కొలువుకు వచ్చారు. మొగల్ చిత్రకళకు మొదలు వాళ్ళే. ఆ తరవాత అక్బరు కాలంలో, 1582 ప్రాంతంలో, కింది స్థాయి లెక్కలు కూడా ఫార్సీలోనే ఉండాలన్నారు. ఆ ఏర్పాటు నడిపించిన రెవెన్యూ మంత్రి ఎవరో తెలుసా? రాజా తోడర్‌మల్. ఖత్రీ కులంవాడు, హిందువు.

అక్కడి నుంచి ఏం జరిగిందో చూస్తే మీ రెండో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఉద్యోగం కావాలంటే ఫార్సీ రావాలి కాబట్టి కాయస్థులు, ఖత్రీలు, కొంతమంది బ్రాహ్మణులు పిల్లల్ని ఫార్సీ నేర్పే బడుల్లో, అంటే మక్తబుల్లో వేశారు. సాదీ రాసిన గులిస్తాన్ చదివి, ఉత్తరాలు రాయడం నేర్చి, కొలువులో రాతకోతలు చూసే మున్షీలయ్యారు. మొదట్లో అది పొట్టకూటి చదువే, కాదనను. కానీ కొన్నాళ్ళకి అది వాళ్ళ సొంత భాష అయింది. లాహోర్‌లో పుట్టిన చంద్రభాన్ షాజహాన్ కొలువులో పెద్ద మున్షీ. "బ్రాహ్మణ్" అనే కలం పేరుతోనే ఫార్సీ గజళ్ళు రాశాడు, తన పుట్టుకను దాచుకోలేదు. ఫార్సీ మాటలకు అర్థాలూ ప్రయోగాలూ చెప్పే పెద్ద నిఘంటువు బహార్-ఎ-అజమ్‌ను 18వ శతాబ్దంలో కూర్చింది టేక్‌చంద్ అనే ఢిల్లీ హిందువు. ఒకరి నెత్తిన రుద్దిన భాషకి వాళ్ళే నిఘంటువు కూర్చే రోజు రావడం చిన్న సంగతి కాదు.

ఇరాన్ వాళ్ళ భాష అన్నారు. ఉర్ఫీ, నజీరీ, తాలిబ్ ఆమూలీ, కలీం, ఇలా ఎంతోమంది ఇరాన్ కవులు బతుకుతెరువు కోసం ఇక్కడికి వచ్చారు, ఎందుకంటే కవికి ఇక్కడ దొరికే ఆదరణ అక్కడ లేదు. ఇక్కడ రాసిన ఫార్సీ కవిత్వానికి విడిగా ఒక పేరే ఉంది, సబ్క్-ఎ-హిందీ, అంటే హిందూస్తానీ శైలి. మన వైపు గోలకొండలో కుతుబ్‌షాహీలు మొగలులు కాకపోయినా ఫార్సీ కొలువే నడిపారు, కానీ వాళ్ళ హుకుంనామాల్లో పైన ఫార్సీ, కింద తెలుగు ఉన్నవి ఉన్నాయి. ఊళ్ళో చదివి వినిపించేవాడికి అర్థం కావాలిగా. ఇబ్రహీం కుతుబ్‌షా కుర్రతనంలో ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకున్నవాడు. ఆయన్ని మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు, అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. ఒకే కొలువులో రెండు భాషలూ ఇలా పక్కపక్కన బతికాయి. ఎం.ఏ. ప్రాజెక్టుకి ఆ రెండు భాషల కాగితాలు తీసుకోండి అని నా సలహా. తెలుగు వచ్చినవాళ్ళు చేయవలసిన పని అక్కడ చాలా మిగిలి ఉంది.

ప్రశ్న: కోపం తెచ్చుకోకండి. గుళ్ళు కూల్చినవాళ్ళ గురించి, జిజియా (ముస్లింలు కానివాళ్ళ మీద పన్ను) వేసినవాళ్ళ గురించి ఉపన్యాసాలు పెట్టి కవిత్వం, బొమ్మలు, తోటలు అంటూ పొగడటం నాకు నచ్చలేదు. ఇవి మనకెందుకు? (కర్నూలు)

జవాబు: కోపమెందుకండీ, సూటిగా అడిగారు. పొగడ్తలతో నిండిన ఉపన్యాసం నాకూ నచ్చదు. తోటల గురించి గంటసేపు చెప్పి 1669లో కాశీ విశ్వేశ్వరాలయం కూల్చిన సంగతి, 1670లో మథుర కేశవరాయ్ ఆలయం కూల్చిన సంగతి దాటేసే వక్త చరిత్ర చెప్పడం లేదు. అక్బరు 1564లో తీసేసిన జిజియాను ఔరంగజేబు 1679లో మళ్ళీ వేశాడు. అదీ చెప్పాలి. 1687లో గోలకొండను ఎనిమిది నెలలు ముట్టడించి, లంచం తిన్నవాడు తలుపు తీస్తే లోపలికి వచ్చారు. ఆ కోటలో ఉన్నది గోలకొండ ఆఖరి సుల్తాను తానాషా, అతనూ ముస్లిమే. ఏడాది ముందే అతని మంత్రులు అక్కన్న మాదన్నలను గోలకొండ వీధిలో చంపేశారు. ఇవన్నీ మన నేల మీద జరిగినవి, దాచడానికి వీల్లేదు.

అయితే ఒక్కటి ఆలోచించండి. కాశీ గుడి కూల్చమన్న సంగతి మనకెలా తెలుసు? ఔరంగజేబు పాలన గురించి సాకీ ముస్తయిద్ ఖాన్ రాసిన మాసిర్-ఎ-ఆలంగీరీ అనే ఫార్సీ చరిత్రలో ఉంది కాబట్టి. ఆ దక్కన్ యుద్ధాలు ఊళ్ళను ఎలా పాడుచేశాయో, అధికార్లు ఎలా తిన్నారో రాసింది ఎవరు? భీంసేన్ సక్సేనా, మొగల్ సైన్యంతో తిరిగిన కాయస్థుడు, అదీ ఫార్సీలోనే. పొగిడినవాళ్ళూ తిట్టినవాళ్ళూ అందరూ ఒకే భాషలో రాశారు. అక్బరు సంగతే తీసుకోండి. అబుల్ ఫజల్ అతన్ని ఆకాశానికెత్తుతూ అక్బర్‌నామా రాశాడు. అదే కొలువులో, అదే రోజుల్లో, బదాయూనీ అతని మీద ఒళ్ళు మండి ఇంకో చరిత్ర రహస్యంగా రాసి పెట్టుకున్నాడు. అది జహంగీరు కాలంలో గానీ బయటపడలేదు. అబుల్ ఫజల్‌ను ఒక్కడినే చదివితే మోసపోతాం, బదాయూనీని ఒక్కడినే చదివినా మోసపోతాం.

ఈ బదాయూనీ చేతే అక్బరు మహాభారతంలో కొంత భాగం అనువాదం చేయించాడు. పండితులు శ్లోకానికి అర్థం వాళ్ళ భాషలో విప్పి చెబుతుంటే నకీబ్ ఖాన్, బదాయూనీ లాంటివాళ్ళు దాన్ని ఫార్సీలో పెట్టారు, దాని పేరు రజ్మ్‌నామా, యుద్ధాల పుస్తకం. బదాయూనీకి ఆ పని సుతరామూ ఇష్టం లేదు, తన పుస్తకంలో సణుక్కున్నాడు కూడా. అయినా తప్పలేదు. తరవాత రామాయణం కూడా అతని మీదే పడింది, నాలుగేళ్ళు పట్టింది. ఇష్టం లేని మనిషి నాలుగేళ్ళపాటు రోజూ రాముడి కథ రాస్తూ కూర్చోవడాన్ని మీరు ఏ గంపలో వేస్తారు? పొగడ్తలోనా, తెగడ్తలోనా? ఆ ఉపన్యాసకుణ్ణి మీరు లేచి అడగాల్సింది. కాశీ గురించి ఎందుకు చెప్పలేదని అడగండి, ఈసారి తప్పకుండా అడగండి. మంచి వక్త అయితే కంగారుపడడు, ఏ పుస్తకంలో ఏముందో చెబుతాడు.

ప్రశ్న: ఒక ఉపన్యాసంలో హుమాయూను చనిపోయిన ఏడాది ఒక వాక్యంలోనే దాగుందని చెప్పారు. టైం అయిపోయి వివరించలేదు. అది ఎలా? (లెక్కల టీచరు, ఏలూరు)

జవాబు: మీ సబ్జెక్టే ఇది. అరబ్బీ లిపిలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంది, అలిఫ్ 1, బే 2, అలా వెయ్యి దాకా. దీన్ని అబ్జద్ అంటారు. హుమాయూను ఢిల్లీలో తన గ్రంథాలయం మెట్ల మీద నుంచి జారిపడి 1556 జనవరిలో పోయాడు. కవి కాహీ కట్టిన వాక్యం ఇది: "హుమాయూన్ పాద్‌షాహ్ అజ్ బామ్ ఉఫ్తాద్", అంటే హుమాయూన్ పాదుషా మిద్దె మీది నుంచి పడ్డాడు అని. "బామ్" తీసుకుందాం: బే 2, అలిఫ్ 1, మీమ్ 40, మొత్తం 43. అలాగే హుమాయూన్ 112, పాద్‌షాహ్ 313 (పే అక్షరాన్ని బేగా లెక్కిస్తారు), అజ్ 8, ఉఫ్తాద్ 486. కలపండి, 962 వస్తుంది. ఆయన పోయింది ముస్లిం క్యాలెండరైన హిజ్రీ లెక్కలో 963లో. ఒకటి తగ్గింది! మాటలు ఇంత చక్కగా అమరినప్పుడు ఒక్క ఏడాది తేడాని జనం పట్టించుకోలేదు, ఇప్పటికీ ఆ వాక్యమే చెప్పుకుంటారు. తేడా రానిది కావాలంటే మన చార్మినార్ ఉంది. "యా హాఫిజ్" అంటే ఓ రక్షకుడా అని. యా 11, హాఫిజ్ 989, సరిగ్గా వెయ్యి. చార్మినార్ కట్టిన హిజ్రీ 1000, అంటే 1591.

మన శాసనాల్లో నేత్రాలంటే 2, వేదాలంటే 4, రసాలంటే 6 అని భూతసంఖ్యలతో శక సంవత్సరం చెప్పే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. రెండూ పక్కపక్కన బోర్డు మీద వేసి పిల్లలకు చూపించండి. మా పక్కింటి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక సాయంత్రమంతా ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ అబ్జద్‌లో లెక్కకట్టింది.

ప్రశ్న: ఈ చరిత్రలో ఆడవాళ్ళు రాసినది ఏమైనా ఉందా? (హైదరాబాద్)

జవాబు: ఉందమ్మా. బాబరు కూతురు గుల్‌బదన్ బేగం హుమాయూన్‌నామా రాసింది. అక్బరు అడిగితే రాసింది. యుద్ధాల మధ్యలో ఇంట్లో ఆడవాళ్ళు ఎలా ఉన్నారో, ఏ పసిబిడ్డ ఎప్పుడు పోయిందో, హమీదా బానూ హుమాయూన్‌ని పెళ్ళాడనని ఎన్ని రోజులు భీష్మించుకు కూర్చుందో, అన్నీ అందులో ఉన్నాయి. దానికి పాత ప్రతి ఒక్కటే మిగిలింది, లండన్‌లో ఉంది, చివర పుటలు లేవు. షాజహాన్ కూతురు జహనారా కూడా అజ్మీర్ సూఫీ గురువు ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ గురించి పుస్తకం రాసింది. ఈసారి ఎవరైనా మొగల్ చరిత్ర గురించి మాట్లాడి ఈ ఇద్దరి పేరెత్తకపోతే మీరే ఎత్తండి.

ప్రశ్న: నాకు నలభై రెండేళ్ళు. ఇప్పుడు ఫార్సీ నేర్చుకోగలనా? (నల్లగొండ)

జవాబు: హాయిగా. దరఖాస్తు, ఫిర్యాదు, సిఫారసు, నమూనా, గుమాస్తా, దస్తావేజు, ఖరీదు ఇవన్నీ మీకు వచ్చు కదా, అన్నీ అక్కడివే. రుమాలులో "రూ" అంటే ముఖం, "మాల్" అంటే తుడిచేది. బందోబస్తులో "బంద్", "బస్త్" రెండూ కట్టడమే. పైగా క్రియ మనలాగే వాక్యం చివర వస్తుంది, లింగభేదాల తలనొప్పి లేదు, ఆమెకీ అతనికీ ఒకటే మాట. లిపికి మాత్రం రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. ఉర్దూ చదవడం వస్తే అదీ అక్కర్లేదు.

ప్రశ్న: మా తాతగారి ట్రంకు పెట్టెలో ఫార్సీలో ఉన్న పాత కాగితం ఒకటి దొరికింది. మొగలుల నాటిదని ఇంట్లో అందరూ అంటున్నారు. పైన గుండ్రటి ముద్ర ఉంది. లామినేషన్ చేయిద్దామనుకుంటున్నాం. ఏమంటారు? (మహబూబ్‌నగర్)

జవాబు: దయచేసి లామినేషన్ చేయించొద్దు! ఉత్తరం చదవగానే నాకు టెన్షన్ పట్టుకుంది, అందుకే ఈ జవాబు ముందు పోస్టులో మీకే పంపేశాను. ప్లాస్టిక్ వేడికి సిరా, కాగితం రెండూ పాడవుతాయి, మళ్ళీ విడదీయలేరు. సెలో టేపు కూడా వద్దు. మడతలు బలవంతంగా విప్పొద్దు. శుభ్రమైన పొడి చేతులతో విప్పి, కిటికీ దగ్గర ఎండ తగలని వెలుతురులో రెండు వైపులా ఫోటో తీయండి. వెనక వైపు తప్పకుండా తీయాలి, ఏ కచేరీ నుంచి ఏ కచేరీకి వెళ్ళిందో గుమాస్తాలు రాసుకున్న గుర్తులు అక్కడే ఉంటాయి, ఒక్కోసారి ముందు వైపు కంటే అదే ఎక్కువ చెబుతుంది.

చూడండి, ఆ రాత గొలుసుకట్టులా ఉండి అక్షరాల మీద చుక్కలు చాలావరకు లేకపోతే అది షికస్తా, అంటే విరిగిన రాత. వేగంగా రాయడానికి గుమాస్తాలు వాడినది. మామూలు ఫార్సీ చదివేవాళ్ళు కూడా దాన్ని గబుక్కున చదవలేరు. మధ్యలో అంకెల్లా కాకుండా గీతల్లా, వంకర్లలా ఉన్నవి కనిపిస్తే అవి సియాఖ్, లెక్కల కోసం వాడే గుర్తులు. ముద్రలో మాటలు చాలాసార్లు కింది నుంచి పైకి చదవాలి. అందులో ఉన్న ఏడాది ఆ ముద్ర చెక్కించిన ఏడాది, మీ కాగితం రాసిన ఏడాది కాదు. ఒక్కో అధికారి ఒకే ముద్రను ఏళ్ళ తరబడి వాడేవాడు. మొదట్లో నేనూ ముద్ర చూసి తేదీ చెప్పేసి తప్పులో కాలేశాను. అసలు తేదీ రాతలో వెతకాలి. హిజ్రీలో ఉండొచ్చు, "జులూస్" అని రాసి ఒక అంకె ఉంటే పాదుషా గద్దెనెక్కిన తరవాత ఎన్నో ఏడాదో అది, లేదా ఫసలీ. మన పహాణీల్లో, అడంగళ్ళలో ఉండేదీ ఫసలీయే. అక్బరు కాలంలో పంటల లెక్కకు మొదలై, షాజహాన్ కాలంలో దక్కన్‌కు వచ్చింది.

మీ కాగితం మొగలులదే కానక్కర్లేదు, నిజాం కాలంలోనూ కచేరీల్లో చాలా ఏళ్ళు ఫార్సీయే నడిచింది. ఫోటోలు తీసుకుని ముందు తార్నాక ఆర్కైవ్స్‌లో గానీ, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఫార్సీ శాఖలో గానీ చూపించండి. కాగితాన్ని ఇంట్లోనే, ఆమ్లం లేని కాగితంలో చుట్టి, చెద పట్టని చోట బల్లపరుపుగా పెట్టండి. చదివించాక అందులో ఏముందో, ఏ ఊరి పేరుందో నాకు రాయండి. ఊరి పేరు ఇవాళ ఎలా మారిందో ఇద్దరం కలిసి వెతుకుదాం.